‘మళ్ళీ’ అంటేనే కొట్లో పెట్టేది

మా అత్తయ్య పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున, కాలేజీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆవిడ కోడలు. “అత్తయ్యగారు ఇందాకే వెళ్ళిపోయారమ్మా. కాఫీ అడిగారు. నేను కలిపి తెచ్చేలోపు…” అని ఏడ్చేసింది. ఆ ఏడుపు మధ్యలోనే, “నిన్న కూడా నీ గురించే అన్నారు, దాని పుస్తకానికి ఇంకో పరీక్ష మిగిలిపోయిందే అని” అంది.

ఆ మాట వినగానే నా మనసులోకి ముందు వచ్చింది ఆవిడ మొహం కాదు, ఆ మిగిలిపోయిన పరీక్షే. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆవిడ గురించి మీకు చెప్పాలంటే ఆ పరీక్షల నుంచే మొదలుపెట్టాలి. ఆవిడని ఎరిగినవాళ్ళెవరైనా అక్కడి నుంచే మొదలుపెడతారు.

అత్తయ్య మా నాన్నకి అక్క. ఏలూరు వన్‌టౌన్‌లో పుస్తకాల కొట్టు నడిపేవారు. నోటు పుస్తకాలు, పెన్నులు, గైడ్లు, చార్టులు, వెనకాల ఒక జిరాక్స్ మిషను. ఇవన్నీ అందరి కొట్లలోనూ ఉండేవే. ఆవిడ కొట్లో మాత్రమే ఉన్నది కౌంటరు కింద, నేలకి జానెడు ఎత్తులో, అద్దం లేని ఒక అర. పాకే పిల్లలకి కూడా అందేటట్టు చేయించారు. అందులో జంతువుల బొమ్మల పుస్తకాలు తప్ప మరేవీ ఉండేవి కావు. మూడేళ్ళలోపు వాళ్ళవి. పేజీకో జంతువు, దాని కింద ప్రాస కుదిరిన రెండు చిన్న వాక్యాలు, అంతే.

విజయవాడ నుంచి పుస్తకాల ఏజెంటు సంచీ దించి, “ఇది బాగా పోతోందండీ, రాజమండ్రిలో అందరూ పెట్టారు” అనేవాడు.

“పెట్టుకోనివ్వండి. ఒక కాపీ ఉంచి వెళ్ళండి. పరీక్ష అయ్యాక చెబుతాను.”

“పరీక్ష ఎవరికండీ?”

“మీ పుస్తకానికండీ.”

పరీక్ష అంటే ఇది. కొట్టుకి వచ్చినవాళ్ళ చంకలో మూడేళ్ళలోపు పిల్లో పిల్లాడో ఉంటే, “ఏవండీ, రెండు నిమిషాలు కూచుంటారా?” అని కుర్చీ వేసేవారు. పిల్లవాడు అమ్మ ఒళ్ళోనో నాన్న ఒళ్ళోనో ఉండాలి, ఆవిడ ఒళ్ళో కాదు. ఆవిడ ఎదురుగా కూచుని, పుస్తకాన్ని తన చెంప పక్కన పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. ఆ తర్వాత ఏమీ అడిగేవారు కాదు. బాగుందా అని అడగకూడదు, ఇంకోసారి చదవనా అని అస్సలు అడగకూడదు. ఊరికే కూచోవాలి. ఆ పిల్లవాడు తనంతట తాను “మళ్ళీ” అంటే ఒక పరీక్ష నెగ్గినట్టు. మూడు వేరు వేరు ఇళ్ళ పిల్లలు అంటేనే పుస్తకం ఆ అరలోకి వెళ్ళేది. మా అబ్బాయి ఆ అర ముందే పాకాడు, అక్కడే నిలబడ్డాడు గానీ వాడి మాట ఒక్కసారి కూడా లెక్కలోకి రాలేదు. “మనింటి పిల్లలు నా మొహం చూసి అంటారే. అది చెల్లదు” అనేవారు.

ఇది ముసలావిడ సరదా అనుకున్నాను నేను చాలా ఏళ్ళు. అసలు కారణం ఒకసారి కాగితాలు సర్దుతూ మామూలుగా చెప్పారు. మామయ్య పోయి ఆవిడ కౌంటరు దగ్గర కూచున్న కొత్తలో ఒక పుస్తకం అట్ట చూసి ముచ్చటపడి ఒకాయనకి అమ్మారట. నాలుగు రోజుల తర్వాత ఆయన తిరిగి తెచ్చాడు. “మావాడు చూడట్లేదండీ. రెండో పేజీకే లేచిపోతున్నాడు. వాడికి చదువబ్బదని మా ఇంట్లో అందరూ అంటున్నారు” అన్నాడట. ఆ పిల్లాడికి ఏడాదిన్నర.

“పుస్తకం తీసి చదివాను. చెప్పులో ఇసకలా ఉంది ప్రతి వాక్యమూ. చూశావా మరి? పుస్తకం బాగోకపోతే చెడ్డపేరు పుస్తకానికి రాలేదు, పిల్లాడికొచ్చింది. నా కొట్లోంచి అలాంటిది ఇంకోటి వెళ్ళకూడదు అనుకున్నాను” అన్నారు.

ఆవిడ చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ పిల్లలకి తెలుగు చెబుతాను, ఛందస్సుతో సహా. అయినా ప్రాస అంటే ఏమిటో నాకు ఆవిడే చెప్పారని ఇప్పుడు అనిపిస్తుంది. “డబ్బాకి మూత సరిగ్గా పడ్డప్పుడు ఒక చప్పుడు వస్తుంది చూడూ, అదే. అంతకంటే ఏం లేదు.”

ఆ చప్పుడు పిల్లలకి ఎంత ఇష్టమో ఆవిడ చదువుతుంటే చూడాలి. ఆ అరలో చాలాకాలం ఉన్న ఒక పుస్తకంలో మొదటి పేజీ ఏనుగుది.

ఏనుగు తొండం ఎంత పొడుగు?
ఎలకని పిలిచి మెల్లగా అడుగు.

మొదటిసారి మామూలుగా చదివేసేవారు. రెండోసారి “ఎలకని పిలిచి మెల్లగా…” అని రెప్పపాటు ఆగేవారు. ఆ ఆగినంతసేపు పిల్లల నోళ్ళు తెరుచుకుని ఉండేవి. ఎవరో ఒకరు “అడుగు!” అనేవారు. అన్నాక తామే అన్నామా అన్నట్టు అమ్మ మొహంలోకి చూసేవారు. పిల్లలకి మాటలు ఎలా వస్తాయో పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను నేను. ఆ చూపు గురించి ఏ వ్యాసంలోనూ చదివిన గుర్తు లేదు.

ఆవిడ గొంతు మార్చేవారు కాదు. పులికి పులిలా, పిల్లికి పిల్లిలా అరిచేవారు కాదు. “నేను పులిలా గాండ్రిస్తే వాడు నన్ను చూస్తాడు. పుస్తకాన్ని చూడడు” అనేవారు. వేలి కణుపుతో కౌంటరు చెక్క మీద మాత్రం చిన్నగా తట్టేవారు, వాక్యం నడకకి సరిపోయేలా. పుస్తకం మూలలు గట్టిగా ఉన్నాయేమోనని తన ముంజేతి లోపలి వైపు గుచ్చి చూసుకునేవారు. పిల్లలు నమిలేసిన కాపీ ఎవరైనా పట్టుకొచ్చి, “అట్ట బాగోలేదండీ” అంటే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “బాగున్నదేనండీ. లేకపోతే ఇంత దూరం తినడు” అనేవారు.

ఒకే పుస్తకం వందసార్లు ఎలా వింటారు అత్తయ్యా అని అడిగాను ఒకసారి. అప్పుడు మా వాడు అలాగే ప్రాణం తీస్తున్నాడు.

“పెద్దాళ్ళకి తెలియనిది కావాలి. వీళ్ళకి తెలిసింది కావాలి. నిన్న ఇంట్లో ఉన్న అమ్మ ఇవాళ కాలేజీకి వెళ్ళిపోతుంది. నిన్న మంచం కింద ఉన్న బంతి ఇవాళ ఉండదు. ఏనుగు మాత్రం మొదటి పేజీలోంచి కదలదు. అది కదల్లేదని చూసుకోవడానికే వాడు మళ్ళీ అంటాడు. నువ్వు విసుక్కోకుండా చదువు.”

చదివాను. ఆ చదవడంలోనే నాకూ ఒక పుస్తకం రాయాలన్న ఆలోచన వచ్చింది. అరలో ఉన్న పుస్తకాల్లో సింహాలు, జిరాఫీలే ఎక్కువ. మన కొల్లేటి గేదె, నీటికోడి, గూడకొంగ ఎందుకుండకూడదు? మూతి కింద సంచి వేలాడేసుకుని తిరిగే ఆ పెద్ద పక్షిని ఇప్పుడు అందరూ పెలికాన్ అంటున్నారు గానీ మా చిన్నప్పుడు అది గూడకొంగే. రాశాను. మా ఊరి డ్రాయింగు మాస్టారి చేత బొమ్మలు వేయించి, దళసరి కాగితం మీద ప్రింట్లు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి పట్టుకెళ్ళాను.

అత్తయ్య నన్ను చూసి సంతోషించారు. పుస్తకం తీసుకుని, “పరీక్ష అయ్యాక చెబుతాను” అన్నారు. మేనకోడలినని రవ్వంత కూడా తేడా లేదు.

మొదటి పరీక్షలోనే పిల్ల మూడో పేజీకి ఒళ్ళోంచి జారిపోయింది. నేను ప్రతి జంతువు చేతా ఒక మంచి మాట చెప్పించాను. గేదె సోమరితనం వద్దంది, నీటికోడి పెద్దల మాట వినమంది. అత్తయ్య పుస్తకం మూసి, “రెండేళ్ళ పిల్లకి నీతులెందుకే? అది ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు కదా” అన్నారు.

నీతులు తీసేశాను. రెండోసారి రాసిన పుస్తకం అయినా నెగ్గుతుందనే వెళ్ళాను. అది జూన్ నెల, కొట్టు కిటకిటలాడుతోంది. మండవల్లి దగ్గర చేపల చెరువులు చేసుకునే ఒకాయన పెద్దమ్మాయికి బడి పుస్తకాలు కొనడానికి వచ్చాడు, చంకలో రెండేళ్ళ కొడుకుతో. అత్తయ్య కుర్చీ వేశారు. గూడకొంగ పేజీ వచ్చింది.

తెల్లతెల్లని గూడకొంగ
పొదుపుగా తినును చూడంగ.

“పొదుపుగానా అండీ!” అని ఆయన కొట్టంతా వినపడేలా నవ్వాడు. “ఎక్కడండీ ఆ కొంగ? ఒకసారి మా చెరువుకి పంపించండి, దండం పెట్టుకుంటాం. మా వైపువి మాత్రం ఒక్కోటీ ఒక్కో బుంగ పట్టుకుని వస్తాయండీ.”

“రాసింది మా మేనకోడలేనండీ” అన్నారు అత్తయ్య, ఏ మాత్రం మొహమాటం లేకుండా నన్ను చూపించి.

“అయ్యయ్యో, ఏమనుకోకండి మేడమ్. మీకు చెరువు లేదు కదా, అందుకని తెలీదు.”

“చెరువు సంగతి సరే. ‘చూడంగ’ ఏమిటే? ఎవరు చూడంగ?” అన్నారు అత్తయ్య నాతో. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఆ లోపల పిల్లాడు ముందుకు వంగాడు. కొంగ బొమ్మని కళ్ళింత చేసుకుని చూశాడు. చెయ్యెత్తి, “హోయ్!” అని అరిచి పేజీ మీద ఒక్కటి కొట్టాడు.

“మా గట్టు మీద రోజూ ఇదే గోలండీ,” అన్నాడు తండ్రి సిగ్గుపడుతూ. “పొద్దున లేస్తే కొంగల్ని తోలడానికి డబ్బాలు వాయించడం, హోయ్ అనడం. వీడికి అమ్మ కంటే ముందు వచ్చిన మాట అదేనండీ.”

నేను చెయ్యి చాపి పుస్తకం లాక్కోబోయాను. చేపల చెరువు ఇంటి పిల్లాడికి గూడకొంగని చుట్టంలా చూపించిన తెలివి నాది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని ఆపారు. పిల్లాడు పేజీ తిప్పాడు. అటు పిల్లి ఉంది, దాన్ని పట్టించుకోలేదు. వెనక్కి తిప్పాడు. కొంగ అక్కడే ఉంది. “హోయ్!” మళ్ళీ దెబ్బ. కిలకిలా నవ్వు. మళ్ళీ తిప్పడం, మళ్ళీ వెనక్కి. తండ్రి పుస్తకాలన్నీ సంచిలో సర్దుకునేదాకా అదే పని.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య తీర్పు చెప్పారు. “పరీక్ష పోయింది. పుస్తకం అడగలేదు వాడు, ఒక్క పేజీ అడిగాడు. కానీ ఆ పేజీ వాడే రాసి ఇచ్చి వెళ్ళాడు. నువ్వు కాగితం మీదకి తెచ్చుకోవడమే.”

అక్కడే నాకు చిక్కు వచ్చింది. పక్షుల కోసం కదా కొల్లేరు, వాటిని తరమమని పాలు తాగే పిల్లలకి నేర్పనా? నేర్పనంటే చెరువు మీద బతికేవాళ్ళ బాధ నాకు పట్టనట్టా? అటూ ఇటూ ఆలోచించి ఏడాదిపాటు ఒక్క అక్షరం రాయలేదు. ప్రతి ఆదివారం ఫోన్ వచ్చేది. క్షేమ సమాచారాలు అయ్యాక, “హోయ్ ఎంతవరకొచ్చింది?” అని అడిగేవారు.

ఒకరోజు నా గొడవంతా చెప్పేశాను. ఆవిడ అన్నారు: “కొంగకి నువ్వేం చెప్పక్కర్లేదు. చెరువు వాళ్ళకీ నువ్వేం చెప్పక్కర్లేదు. వాడు హోయ్ అన్నాడు, పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పి కొంగ ఉందా లేదా అని చూసుకున్నాడు. లేకపోతే ఏడ్చేవాడు. అది చూడలేదా నువ్వు?”

చూడలేదు. నేను నా పుస్తకాన్నే చూస్తున్నాను ఆ రోజు. ఆవిడ పిల్లాణ్ణి చూశారు.

ఆ వారంలోనే రాశాను.

గూడకొంగ గూడకొంగ
మూతి కింద ఎంత బుంగ!
చెరువు మీద వాలగానే
హోయ్!

పేజీ తిప్పితే కొంగ గేదె వీపు మీద ఉంటుంది. అక్కడా హోయ్. పడవ అంచు మీద, తాటిమట్ట మీద, ఎక్కడ వాలినా ఎవరో ఒకరు హోయ్. చివరి పేజీలో మళ్ళీ మొదటి చెరువు, మళ్ళీ కొంగ. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, కణుపుతో తడుతూ తనలో తాను చదువుకున్నారు. బాగుందని అనలేదు. ఆవిడ నియమంలో ఆవిడ మెప్పుకి చోటు లేదు.

మొదటి పరీక్ష ఎదుటి మిఠాయి కొట్టాయన మనవడిది. నెగ్గింది. రెండోది ద్వారకా తిరుమలలో తలనీలాలిచ్చి తిరిగి వెళ్తూ ఆగిన ఒక కుటుంబంలోని పిల్లది. గంధం రాసిన గుండుతో తల్లి ఒళ్ళో కూచుని, మూడో హోయ్ నుంచి తానే చదివింది. చివర “మళ్ళీ” అని రెండు చేతులూ చాపింది. ఆ రోజు నేను అక్కడ లేను. అత్తయ్య ఫోన్‌లో చెప్పారు, “రెండు” అని. ఆ ఒక్క మాటే చెప్పి పెట్టేశారు.

ఆ తర్వాత వానాకాలంలో ఆవిడకి ఆయాసం పట్టుకుంది. కొట్టుకి రావడం మానిపించారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచం పక్కన కూచుని, “రెండు చాలు కదా అత్తయ్యా” అన్నాను. ఆవిడ బతికుండగా నా పుస్తకం ఆ అరలో చూసుకోవాలని ఆశ. అది పైకి ఎలా అనను?

ఆవిడకి అర్థమైందనే అనుకుంటాను. అయినా తల అడ్డంగా ఊపారు. “రెండు చాలంటే నీకు చాలు. మూడో ఇంట్లో పిల్లాడికో? మూడోది నేనే చూస్తాను. తొందరేం లేదు.”

చూడలేదు.

పెద్దకర్మ అయిపోయి కొట్టు తెరిచిన తర్వాత ఒక ఆదివారం వెళ్ళాను. కౌంటరు వెనకాల ఆవిడ కోడలు కూచుంది. నాకు అక్క వరస. ఇన్నేళ్ళూ జిరాక్స్ మిషను దగ్గరే పని చేసింది తను, ఒక్క పిల్లాడికీ చదివి ఎరగదు. “నువ్వు చదవకూడదు కదా, రాసినవాళ్ళు చదవకూడదన్నారు కదా అత్తయ్యగారు” అంటూ నా పుస్తకం తీసింది.

ఒకాయన పెద్దకొడుక్కి చార్టు కోసం వచ్చాడు. కూడా రెండున్నరేళ్ళ పిల్ల, రెండు పిలకలు. అక్క కుర్చీ వేసింది. చదవడం మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉంది, నడక తప్పుతోంది, కౌంటరు మీద తట్టడం తనకి రాదు. హోయ్ వచ్చినప్పుడల్లా నేను ఆ పిల్ల నోటి వంకే చూస్తున్నాను. ఆ పిల్ల అనలేదు, నవ్వలేదు, కదల్లేదు. పెదవులు బిగించి ప్రతి పేజీనీ చూసింది. చివరి పేజీ అయిపోయింది. మేమిద్దరం నియమం ప్రకారం ఊరికే కూచున్నాం. ఫ్యాను తిరుగుతోంది. పిల్ల ఏమీ అడగలేదు.

పోయింది అనుకున్నాను. అక్క కొత్తగా చదివింది కాబట్టి పోయిందా, నేను రాసిందే అంతా? ఇక తెలిసే దారి కూడా లేదు.

“అయిపోయిందాండీ? వెళ్దాం రా తల్లీ” అని తండ్రి లేచాడు. పిల్ల దిగింది. దిగుతూ పుస్తకం తీసుకుంది.

“ఇచ్చెయ్యమ్మా. ఆంటీది కదా.”

“కాదు. నాది.”

“మనింట్లో ఉంది కదమ్మా కుక్క బొమ్మ పుస్తకం…”

“నాది!”

ఆయన ఒక వేలు విప్పితే ఇంకో వేలు స్పైరల్ తీగని పట్టుకుంటోంది. చెమటలు పడుతున్నాయి ఆయనకి. “ఏమనుకోకండి, ఎప్పుడూ ఇలా చెయ్యదండీ. పోనీ, ఎంతండీ ఇది?”

“ఇంకా ధర వెయ్యలేదండీ. తీసుకెళ్ళండి” అంది అక్క.

“అక్కా, ఉన్నదదొక్కటే కాపీ.”

“తీసుకెళ్ళనీ.”

వాళ్ళు మెట్లు దిగారు. నేను మెల్లగా అడిగాను, “మళ్ళీ అనలేదు కదా అక్కా. ఇది లెక్కలోకి వస్తుందా?”

“అత్తయ్యగారైతే ఒప్పుకునేవారు కాదు. ఇంకో పిల్లని చూద్దాం అనేవారు” అంది అక్క. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కుర్చీని వెనక్కి, గోడ వారకి జరిపి, కౌంటరు ముందు నిటారుగా నిలబడింది. “నేను ఒప్పుకున్నాను. రేపు ప్రెస్‌కి ఫోన్ చెయ్యి.”

నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. స్కూటర్ కాలవ వంతెన ఎక్కుతోంది. పిల్ల ముందు నిలబడి పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది, తలకిందులుగా. కొంగ కాళ్ళు ఆకాశంలో ఉన్నాయి. ఎదర పుస్తకం తప్ప ఏమీ కనపడక, తండ్రి మెడ ఒక పక్కకి వంచి రోడ్డు వెతుక్కుంటూ, మెల్లగా, చాలా మెల్లగా వంతెన దాటుతున్నాడు.